ఎవరి ఎంగిలీ పడని నోరు

ఉదయం ఆరూ పదికి కోయంబత్తూరు స్టేషన్ బయట కాఫీ తాగాను. ఇరవై రూపాయలు. మా బాపట్లలో ఆ ధరకు రెండు టీలు వస్తాయి. ఆ రెండూ కలిపినా ఈ కాఫీలో సగం రుచి ఉండదు. నేను గ్లాసు పెదవులకు ఆనించి తాగుతుంటే కొట్టువాడు జాలిగా చూశాడు. పక్కన ఉన్నవాళ్లంతా గ్లాసు పైకెత్తి, పెదవి తగలకుండా గొంతులోకి పోసుకుంటున్నారు. మా ఆయన పాతికేళ్లకు పైగా మా ఇంట్లో అలాగే తాగేవారు. నేను ఒకసారి ప్రయత్నించి చీర పాడుచేసుకుని మానుకున్నాను.

ఆయన పోయి తొమ్మిది నెలలు. ఈ ఊరి పంపుసెట్లు అమ్మడానికి బాపట్ల వచ్చి, నన్ను చేసుకుని అక్కడే ఉండిపోయిన మనిషి. వందల ఏళ్ల కిందట తమిళ దేశానికి వచ్చి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం వాళ్లది. అత్తవారి వైపు వాళ్లను ఒకసారి చూసి వస్తానని మా ఊళ్లో చెప్పి బయల్దేరాను. అసలు కారణం మదురై నుంచి వచ్చిన ఫోను. చేసింది మా ఆడపడుచు రంగనాయకి కోడలు, కవిత.

"చిన్నత్తా, అత్త బిడ్డను తొట్టిలోనించి కూడా ఎత్తరు. వాళ్ల కంచం వేరే, గ్లాసు వేరే. వీడికి సోరూట్టే నాడు వస్తాండాది. మీరు వచ్చి చెప్తే వింటారు" అంది. సోరూట్టడం అంటే బిడ్డకు మొదటిసారి అన్నం పెట్టడం. మన అన్నప్రాశన. తొట్టి అంటే ఉయ్యాల.

కారణం నాకు తెలుసు. రంగనాయకి వదిన తన తమ్ముడికి, అంటే మా ఆయనకు, ఒక కిడ్నీ ఇచ్చింది. కిడ్నీ బాగానే పనిచేసింది. దానితోపాటు వచ్చింది కూడా బాగానే పనిచేసింది.

ఆర్.ఎస్. పురం

ఆర్.ఎస్. పురంలో ఆయన పెద్దమ్మ ఉంటుంది. అక్కడ అందరికీ ఆమె పెరియమ్మ. ఎనభై దాటాయి. చీరల కొట్లు, కళ్లజోళ్ల కొట్లు, కేకుల కొట్లు నాలుగు వైపుల నుంచీ ముట్టడించినా ఆమె ఇల్లు లొంగలేదు. గేటు దగ్గరే బకెట్టు, చెంబు ఉన్నాయి.

"కాళ్లు కడుక్కో. బ్యాగు ఆడనే పెట్టు. రైల్లో వస్తివా?"

"రైల్లోనే పెరియమ్మా."

"రైలు రొంబ మురికి. కడ్డీ పట్టుకుంటివా? మళ్లీ కడుక్కో."

రెండోసారి కడుక్కున్నాక లోపలికి రానిచ్చింది. నాకిచ్చిన ఇడ్లీలు పువ్వుల్లా ఉన్నాయి. పెట్టే చెయ్యి మాత్రం నా కంచానికి జానెడు ఎత్తులో ఆగి, అక్కడి నుంచి వాటిని జారవిడిచింది. ఆ గురి చూస్తే ఎన్నాళ్ల సాధనో తెలుస్తుంది.

"మదురైకి పోతావంట. ఏడాది తిరగలే. బిడ్డకు సోరూట్టే ఇంటికి నువ్వు పోవచ్చా?"

"వాళ్లే పిలిచారు."

"పిలుస్తారు. ఈ కాలం వాళ్లకు ఏమి తెలుసు. పోతే వెనక పక్క కూకో."

నా నుంచి బిడ్డకు ఏదో అంటుకుంటుందని ఆమె నమ్మకం. అంటుకునేది నాలో ఉన్న మాట నిజమే. ఆమె అనుకున్నది కాదు.

గోడ మీద ఒక ఫోటో. తెల్ల చొక్కా వేసుకున్న పసివాడు, చేతిలో పాలబుడ్డి. మా ఆయన. ఆ ఫోటో చూపిస్తూ పెరియమ్మ గొంతు మారింది.

"వాళ్లమ్మకు జరం వచ్చి పాలు ఎండిపోయె. పదైదు నాళ్ల బిడ్డను నేను తెచ్చుకుంటిని. డబ్బా పాలు, కాగబెట్టిన నీళ్లు, కాగబెట్టిన బుడ్డి. ఏడేండ్లు. వాడి నోట్లో ఒకరి ఎంగిలి పడలే. నేను పడనీలే. ముద్దు పెట్టను కూడా ఎవుర్నీ విడవలే."

విడవలేదు అంటే రానివ్వలేదు అని.  చెన్నైలో ఆయనకు కిడ్నీ మార్చిన డాక్టరుకు అర్థం కాని విషయం నాకు ఇడ్లీలు తింటూ అర్థమైంది.

ఆయనను తీసుకుపోయిన వైరస్ పేరు సైటోమెగాలోవైరస్. అంత పేరు పెట్టుకుని అది మామూలుగా ఏమీ చేయదు. మన దేశంలో దాదాపు అందరిలోనూ ఉంటుంది. చిన్నప్పుడే తల్లిపాలతోనో, ఎవరి ఉమ్మితోనో వస్తుంది. వచ్చిందని కూడా తెలియదు. వచ్చాక పోదు. మన ఒంటి రక్షణ కణాల్లో పెద్ద దండు ఒకటి జీవితాంతం దాని కాపలాకే అంకితమవుతుంది. అచ్చం ఒకేలా పుట్టిన కవలల్లో ఒకరిలో ఇది ఉండి మరొకరిలో లేకపోతే, ఇద్దరి రక్షణ వ్యవస్థలూ వేరే మనుషులవిలా తయారవుతాయట. అది మేలా కీడా అని శాస్త్రవేత్తలు ఇంకా కొట్టుకుంటున్నారు. కుర్రతనంలో కొన్ని టీకాలు బాగా పట్టడానికి తోడ్పడుతుందని కొందరు, ముసలితనంలో ఉన్న శక్తంతా తనకే ఖర్చు పెట్టిస్తుందని కొందరు. ఇంట్లో ఉండిపోయిన చుట్టం గురించి కూడా ఇలాగే రెండు అభిప్రాయాలుంటాయి.

కిడ్నీ మార్చినవాళ్లకు ఆ కాపలాదారులను మందులతో జోకొడతారు, లేకపోతే కొత్త కిడ్నీ మీదే పడతారు గనుక. వైరస్‌ను ముందే ఎరిగిన ఒళ్లు సగం నిద్రలో కూడా దాన్ని గుర్తుపడుతుంది. మా ఆయన ఒళ్లు దాన్ని ఎన్నడూ చూడలేదు. వదిన కిడ్నీలో మొదటిసారి వచ్చింది. కొన్ని నెలలు దానికీ మందు ఇచ్చారు. మందు ఆపాక లేచింది. "ఈ వయసుకు ఇది ఎప్పుడూ సోకని మనిషి మన దగ్గర అరుదమ్మా" అన్నాడు డాక్టరు, పాత నాణెం దొరికినవాడిలా.

నేను పరీక్ష చేయించుకున్నాను. నాలో ఉంది. "మరి ఇన్నేళ్లలో నా నుంచి ఆయనకు రాలేదేం?" అని అడిగాను. డాక్టరు బల్ల మీది పెన్ను సర్దుకుంటూ "రావచ్చు... రాకపోనూవచ్చు" అన్నాడు. మా పాతికేళ్ల కాపురం గురించి అంతకంటే మర్యాదగా ఎవరూ మాట్లాడలేదు.

"అంత బాగా పెంచిన బిడ్డ" అంది పెరియమ్మ, ఫోటో అద్దం పైటకొంగుతో తుడుస్తూ. "ఎట్ల పోయినాడు సుమతీ?"

"కిడ్నీలు చెడిపోయాయి కదా పెరియమ్మా" అన్నాను. అది కూడా నిజమే.

కినత్తుకడవు

ఉక్కడం బస్టాండులో పొల్లాచ్చి బస్సు ఎక్కితే దారిలో కినత్తుకడవు. కొబ్బరితోటల ఊరు. రోడ్డు పక్క కొబ్బరిబొండం యాభై రూపాయలన్నాడు. చుట్టూ కనుచూపు మేర కొబ్బరిచెట్లే గదయ్యా, అన్నాను. "అవి ఊరికే చూడడానికి అక్కా" అన్నాడు తమిళంలో. తాగాను. మా సముద్రపు ఒడ్డు బొండాల కంటే తియ్యగా ఉంది. యాభై అడిగే హక్కు అతనికి ఉంది.

తోటలో ఉండేది మా బావగారూ, ఆయన భార్య జయక్కా. బావగారు పొల్లాచ్చి సంతకు వెళ్లారు. జయక్క నన్ను చూసి ఏడ్చి, వెంటనే కళ్లు తుడుచుకుని ఉలవచారు లాంటిది ఒకటి, వంకాయ కూర, పెరుగు పెట్టింది. మా గుంటూరు వైపు ఉలవచారుకు తెలియని మంచితనం ఏదో అందులో ఉంది. కారం తక్కువ అని దాని అర్థం.

"నీ తెలుగు టీవీ మాదిరి ఉండాది సుమతీ. వార్తలు చదువుతాండావా?"

"మీ తెలుగే మా తాతలు మాట్లాడేది అక్కా."

"ఆమా. మేము అమ్ముకోలే, దాచిపెట్టుకుంటిమి" అని నవ్వింది.

మాట్లాడడమే గానీ ఆమెకు తెలుగు చదవడం రాదు. ఆ ఇంట్లో ఎవరికీ రాదు. చదువులు తమిళంలో. ఇది నాకు తెలుసు, కార్డులు వేయించేటప్పుడు గుర్తు రాలేదు. దేవుడి గదిలో దణ్ణం పెట్టుకోమంటే వెళ్లాను. అక్కడ వెంకటేశ్వరస్వామి పటం కింద మా ఆయన పెద్దకర్మ కార్డు ఉంది. నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు.

"అక్కా, ఇది..."

"పోస్టులో వచ్చె. తెలుగు రాసుండాది. మీ ఆంధ్రా పక్క ఎవరిదో పెండ్లి అనుకుంటిమి. ఎవరిది?"

చెప్పాను. జయక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మా ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాం. తొమ్మిది నెలలుగా ఆయన మరణానికి రోజూ హారతి ఇస్తున్నారు. అన్ని కార్డుల్లోకీ అంత గౌరవం దక్కింది అదొక్కదానికే.

మదురై ప్రయాణం సంగతి వచ్చింది. మొదటి ముద్ద విషయంలో ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉందని జయక్క చెప్పింది. మా ఆయన ఎన్నడూ చెప్పలేదు.

"ఈ ఇంట్లో పుట్టిన బిడ్డలకు పెద్ద ఆడమనిషే మొదటి ముద్ద. నెయ్యి వేసిన పప్పన్నం తన నోట్లో వేసుకుని, మెత్తగా నమిలి, వేలితో తీసి బిడ్డ నోట్లో పెట్టేది. అవ్వ అందరికీ పెట్టె. రంగనాయకికి, మా ఆయనకు, పంగాళి బిడ్డలకు, అందరికీ. పండ్లు ఊడిపోయినాక చిగుళ్లతో నమిలే."

పంగాళి అంటే దాయాదులు. "మరి ఆయనకు?" అన్నాను.

"నీ ఆయన ఈడ యాడుండె? కోయంబత్తూర్లో డబ్బా పాలు తాగుతాండె. మహారాజు."

ఆ పద్ధతిని రంగనాయకి వదిన మదురై తీసుకుపోయిందట. తన కొడుక్కి తనే నమిలి పెట్టింది. ఇప్పుడు మనవడి వంతు.

"ఆమె పెట్టకపోతే?"

"పెట్టకపోతే ఆ ముద్ద ఎవురూ పెట్టరు. ముద్ద పోతే పోనీ. ఆమె బిడ్డనే తాకను అంటాండాది గదా" అంది జయక్క. "తాకని అవ్వ అవ్వనా?"

పళని మీదుగా

పొల్లాచ్చిలో మదురై బస్సు. పళనిలో ఆగినప్పుడు సగం బస్సు జుట్టుతో దిగింది, బదులుగా కొత్త గుండ్లు ఎక్కాయి. పక్కసీటులో ఒక గుండు, బహుశా బ్యాంకు ఉద్యోగి, నా చేతిలోని ఇంగ్లీషు పుస్తకం అట్ట చూసి వైరస్‌ల గురించా అని అడిగాడు. అవునంటే కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు. పుస్తకం నుంచి అంటదని చెప్పాలనిపించింది. చోటు విశాలంగా ఉందని ఊరుకున్నాను.

ఆ పేజీలో మరో రకం గురించి ఉంది. దాదాపు ప్రతి మనిషి రక్తంలోనూ తిరిగే చిన్న వైరస్‌లు. వాటివల్ల ఫలానా జబ్బు వస్తుందని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేకపోయారు. రక్షణ తగ్గితే వాటి సంఖ్య పెరుగుతుంది, హెచ్చితే తగ్గుతుంది. అందుకని ఒంటి బలం కొలవడానికి కొందరు డాక్టర్లు వాటిని లెక్కపెడుతున్నారట. మనిషి ఒక్కడే ఉన్నాడనుకునే మాట ఏ వైద్యుడూ ఒప్పుకోడన్నమాట. నెలల తరబడి ఇంట్లో ఒంటరిగా ఉన్న నాకు ఇది ఓదార్పు కావాలి. కాలేదు.

మాట్టుతావణి

వదిన వాళ్లది మాట్టుతావణి మార్కెట్లో ఉల్లిపాయల టోకు వ్యాపారం. వదిన కొడుకు నన్ను తీసుకుపోవడానికి మాట్టుతావణి బస్టాండుకు వచ్చాడు. కోయంబత్తూరు వైపు బస్సులు ఊరికి అవతల చివర ఆరప్పాళయంలో ఆగుతాయి. ఇది మదురైలో పుట్టిన అతనికీ తట్టలేదు, బస్సు ఎక్కిన నాకూ తెలియలేదు. ఫోన్లో ఒకరినొకరం "మీరెక్కడ" అని చాలాసేపు అడిగాక ఆటో ఎక్కాను. మూడు వందలన్నాడు, రెండు వందల యాభైకి దిగాడు.

ఆటో అతను నా ఫోను మాటలు విన్నాడు. "తెలుంగా? ఇక్కడ మీవాళ్లు చాలామందమ్మా. నాయకరాజుల కాలంలో వచ్చారు" అన్నాడు తమిళంలో. "అయిదారు తరాలు ఉండి వెళ్లిపోతారేమో అని మా తాతలు అనుకున్నారు. ఇంకా పోలేదు" అని తనే నవ్వాడు. ఈ మాటకూ నా చేతిలోని పుస్తకానికీ పోలిక తెచ్చి ఒక పేరా రాయవచ్చు. రాయను.

ఇంట్లో అడుగు పెట్టేసరికి ఉల్లి వాసన. వదిన పెరట్లో దూరంగా ఒక పీట మీద కూర్చుని చిన్న ఉల్లిపాయలు వలుస్తోంది. చేతులకు ప్లాస్టిక్ తొడుగులు. మనిషి సగమైంది.

"అట్లనే ఆడ కూకో సుమతీ. దగ్గరికి రావద్దు."

"ఎందుకు వదినా?"

"తెలియనట్లు అడగొద్దు. నా కిడ్నీలో పురుగు ఉండె. తమ్ముడ్ని తినేసె. మిగిలిన కిడ్నీలో ఇంకా ఉండాది గదా."

లెక్క తప్పని చెప్పడానికి వీల్లేదు. నేను పీట లాక్కుని పక్కనే కూర్చున్నాను.

"నాలో కూడా ఉంది. పరీక్ష చేయించుకున్నాను."

"నీకు తమ్ముడి నించి వచ్చుంటుంది."

"ఆయనలో ఎప్పుడూ లేదు వదినా. లేకనే పోయారు. ఉండి ఉంటే ఒంటికి దాన్ని ఎలా ఆపాలో తెలిసేది. నీ ఒంటికి తెలుసు, నా ఒంటికి తెలుసు. అరవై ఏళ్లుగా నీ ఒళ్లు దాన్ని తలెత్తనివ్వలేదు."

"నాకు ఎట్ల వచ్చె?"

"మీ అవ్వ నమిలి పెట్టిన ముద్దలో వచ్చిందేమో. మీ అమ్మ పాలలోనేమో."

వదిన ఉల్లిపాయ వలవడం ఆపింది. వంటింటి గుమ్మంలో నుంచి కవిత, చంకలో బిడ్డతో, మాట అందుకుంది.

"నాకూ ఉండాది అత్తే. కడుపుతో ఉన్నప్పుడు టెస్ట్ తీసిరి. పాతది, పరవాయిల్లె అని డాక్టరమ్మ చెప్పె. పాలల్లో కూడా పోతుందంట. వీడు ఆర్నెల్లుగా తాగుతానే ఉండాడు."

"ఇది ముందే చెప్పకూడదా?" అంది వదిన.

"నేను బిడ్డతో వస్తే మీరు లేచి పెరట్లోకి పోతిరి. ఉల్లిపాయలకా చెప్పేది?"

అత్తను అంత మాటనే కోడలిని మా వైపు నేను చూడలేదు. వదిన కోపం తెచ్చుకోలేదు. చాలాసేపు బిడ్డ కాళ్ల వైపు చూసింది. ఆమె దేని నుంచి వాడిని కాపాడుతోందో, అది పూటకు నాలుగుసార్లు వాడికి పాలతో అందే అవకాశం ఉంది.

"అయితే తమ్ముడికి మాత్రం ఏంటికి రాలే?"

దీనికి జవాబు ఆర్.ఎస్. పురంలో ఉంది, ఎనభై ఏళ్లు దాటి, ఫోటో అద్దం తుడుచుకుంటూ. "ఎవరూ ఇవ్వలేదు వదినా" అన్నాను.

 వదిన ఒక చేతి తొడుగు తీసింది. రెండోది తీయలేదు.

"నాకు ఐదేండ్లు అప్పుడు. పెరియమ్మ ఇంటికి పోయుంటిమి. తమ్ముడు తొట్టిలో ఉండె. అవ్వ మాదిరి నేనూ పెద్ద ఆడమనిషి అనుకుంటిని. అన్నం నమిలి వేలితో తీసుకుని పోతిని. నోటి దగ్గరికి పెడితిని. వాడు నోరు తెరిచె."

"ఊఁ."

"పెరియమ్మ నా చెయ్యి పక్కకు కొట్టె. అన్నం నేల మీద పడె."

కవిత బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. 

"ఆ ముద్ద తినుంటే?" అంది వదిన.

అలా జరిగి ఉంటే ఇలా జరిగేది అని వైద్యశాస్త్రం ఏ ఒక్క మనిషి గురించీ చెప్పదు. ఆ మాట నేను పుస్తకాల్లో చదివాను. వదినతో అనలేదు. "తెలియదు వదినా. బతికి ఉండేవారేమో" అన్నాను.

"పెరియమ్మకు ఇది చెప్తివా?"

"లేదు."

"చెప్పొద్దు. వాడ్ని కంట్లో పెట్టుకుని సాకె. సచ్చేదాకా అట్లనే నమ్మనీ." రెండో తొడుగు కూడా తీసి ఉల్లిపొట్టులో పడేసింది. చేతులు కడుక్కోవడానికి లేచింది. పెరియమ్మ చూస్తే మెచ్చుకునేంతసేపు కడుక్కుంది.

పప్పన్నం

మర్నాడు హాల్లో చాప వేశారు. వెండి గిన్నెలో మెత్తటి అన్నం, పెసరపప్పు, నెయ్యి. మా వైపయితే పుస్తకం, కలం, కత్తి, బంగారం బిడ్డ ముందు పెట్టి ఏది పట్టుకుంటాడో అని ఊపిరి బిగబట్టి చూస్తాం. ఆరు నెలలవాడి ఉద్యోగం ఆ రోజే తేల్చాలని మన తొందర. ఇక్కడ అలాంటి పరీక్ష లేదు. తినడమే.

నేను పెరియమ్మ మాట ప్రకారం వెనక కూర్చున్నాను. కవిత వచ్చి చెయ్యి పట్టుకుని లేపింది. "ఏంటికి ఆడ కూర్చుంటిరి? మిమ్మల్ని బాపట్ల నించి పిలిచింది గోడ చూడనా?" ముందుకు తెచ్చి కూర్చోబెట్టింది. ఇద్దరు ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 

వదిన చాప మీదికి వచ్చి కూర్చుని చేతులు చాపింది. కవిత బిడ్డను ఒళ్లో పెట్టింది. వాడు పుట్టాక ఆమె ఎత్తుకోవడం అదే మొదటిసారి. వాడు కొత్త మనిషిని చూసినట్టు చూసి ఆమె ముక్కు పట్టుకున్నాడు.

వదిన అన్నం వేళ్లతో తీసుకుంది. తన నోటి వైపు తీసుకుపోతుంటే కవిత వంగింది.

"అత్తే, నమలొద్దు. పిల్లల డాక్టరు వేండా అనె. ఇది ఒక్కటే కాదు, పంటి పురుగు, ఇంకా ఎన్నో పోతాయంట."

 కోడలు చెప్పింది నిజం. ఉమ్మి మందు కాదు. దానిలో మంచి చుట్టాలతో పాటు దొంగలు కూడా వస్తారు. ఇది చదివి ఎవరైనా మనవల నోట్లో నమిలిన అన్నం పెట్టాలనుకుంటే వాళ్ల డాక్టరు నన్ను తిట్టడం న్యాయం. అయినా ఆ నిమిషంలో వదిన లేచి పెరట్లోకి పోతుందేమోనని భయపడ్డాను.

ఆమె లేవలేదు. చేతిలోని అన్నం చూసుకుంది. కవితను చూసింది.

"నువ్వు చెయ్యి పక్కకు కొట్టలే. నోటితో చెప్తివి" అంది. "సరి."

అన్నాన్ని బొటనవేలితో గిన్నె అంచుకు రాసి రాసి, నమిలినంత మెత్తగా చేసింది. బిడ్డ నోటికి అందించింది. వాడు అన్నంతో పాటు వేలు కూడా పట్టుకుని చీకడం మొదలుపెట్టాడు. అన్నం అయిపోయాక కూడా వదల్లేదు. వదిన తీసుకోలేదు. తల వంచుకుని అలాగే ఉండిపోయింది. ఆమె భుజాలు కదులుతుంటే నేను కిటికీ వైపు చూశాను. కవిత నెయ్యి గిన్నె అవసరం లేకపోయినా సర్దింది.

భోజనంలో మాకు ఉల్లిపాయల సాంబారు, కొబ్బరి వేసిన బీన్స్, రెండు పాయసాలు. సాయంత్రం వదిన కొడుకు జిగర్‌తండా తాగించాడు. పాలు, ఐస్‌క్రీము, సబ్జాలాంటి జిగురు ఏదో కలిపిన చల్లటి తీపి. అరవై రూపాయలు. మళ్లీ తాగమంటే తాగను, బాగా లేదని మాత్రం అనను.

ఇంటికి వచ్చి మూడు వారాలైంది. కవిత వారానికోసారి ఫోన్ చేస్తుంది. బిడ్డ ఇప్పుడు రోజంతా అవ్వ చంకలోనే ఉంటున్నాడట, వంట కూడా చేసుకోనివ్వడట. ఆమె మామూలు కంచంలోనే తింటోంది. జయక్క కూతురికి వచ్చే నెల కాన్పు. ఆ బిడ్డకు మొదటి అన్నం రంగనాయకి వదినే వచ్చి పెట్టాలని ఇప్పటినుంచే మాట తీసుకున్నారు. వేళ్లతో మెదిపి పెడుతుంది. ఆ కుటుంబంలో ఇప్పుడు ఎవరూ బిడ్డలకు అన్నం నమిలి పెట్టడం లేదు.